అంతర్జాలంలో అడుగుజాడలు

“చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదకినట్లు” అని తెలుగువారి సామెత. చెంతనే ఉన్నదానిని గుర్తించలేక దూరదూరాలు గాలించేవారిని చూసి పెద్దలు ఈ మాట అంటుంటారు. స్మార్ట్‌ఫోను చేతిలోనే ఉంచుకొని, నాలుగు రోజుల క్రితం చూసిన వెబ్ పుట కోసం మళ్లీ మొదటి నుంచి వెదికేవారికి ఈ సామెత చక్కగా అన్వయిస్తుంది. వారు వెదికే పుటకు దారి చాలావరకు ఆ ఫోనులోనే నమోదై ఉంటుంది. దానిని ఎక్కడ చూడాలో తెలియకపోవడమే అసలు చిక్కు.

మేడ్చల్‌లో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థినిని ఊహించుకోవచ్చు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక స్మార్ట్‌ఫోను, అది తండ్రిది. ఆదివారం రాత్రి ఆమె ఆ ఫోనులో ఉపకార వేతనాలకు సంబంధించిన పుట ఒకటి తెరిచి, దరఖాస్తుకు జతపరచవలసిన ధ్రువపత్రాల పట్టికను చదివింది. దానిని కాగితంపై రాసుకోలేదు. గురువారం ఉదయం తండ్రీకూతుళ్లు మీసేవ కేంద్రానికి బయలుదేరారు. ఏయే పత్రాలు కావాలో అక్కడ చెప్పాలి. ఆమె ‘ఉపకార వేతనం’ అని మళ్లీ వెదికింది. పాత సంవత్సరాల వార్తలు, ప్రకటనలు, వీడియోలు వరుసగా వచ్చాయి. ఆదివారం చూసిన పుట మాత్రం కనిపించలేదు. దరఖాస్తు గడువు ముంచుకొస్తున్నది. నిజానికి ఆ పుట ఎక్కడికీ పోలేదు. దానిని చేరిన దారిని ఆమె మరచిపోయింది. ఫోను మాత్రం మరచిపోలేదు.

ఇది ఒక్క విద్యార్థిని సమస్య కాదు. హైదరాబాదు నగరానికి ఉత్తరాన, 44వ నంబరు జాతీయ రహదారిపై మేడ్చల్, కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారిపై శామీర్‌పేట ఉన్నాయి. ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరింది. ఒకవైపు పొలాలు, చెరువులు; మరొకవైపు నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం, జీవసాంకేతిక పరిశోధనలకు నెలవైన జీనోమ్ వ్యాలీ. పొలం పట్టా వివరాలు చూసుకొనే రైతు, పరీక్షా ఫలితాలు చూసుకొనే విద్యార్థి, పరిశోధన వ్యాసం చదివే శాస్త్రవేత్త – ముగ్గురూ ఒకే సాధనాన్ని ఆశ్రయిస్తున్నారు. ఆ సాధనమే బ్రౌజర్. ఒకసారి చూసిన పుటను మళ్లీ చూడవలసిన అవసరం ముగ్గురికీ ఏర్పడుతుంది.

బ్రౌజర్ అనేది అంతర్జాలంలోని పుటలను తెరపై చూపించే ఉపకరణం. అది పుటలను చూపించడంతో ఊరుకోదు. వాటిని చూసిన క్రమాన్ని ఒక దినచర్య పుస్తకంలో రాసుకొన్నట్లు రాసుకొంటుంది. పుట చిరునామా, పుట శీర్షిక, దానిని తెరిచిన తేదీ, వేళ – ఇవి అందులో ప్రధానాంశాలు. ఈ నమోదులన్నీ ఫోనులోనే ఒక చిన్న దత్తాంశ నిధిగా భద్రమవుతాయి. దీనినే ‘హిస్టరీ’ అంటారు. తెలుగులో సందర్శన చరిత్ర అనవచ్చు. ఇక్కడ ఒక ముఖ్య విషయాన్ని గమనించాలి. చరిత్రలో ఉండేది పుటకు చేరే దారి మాత్రమే గాని పుటలోని విషయం కాదు. ఊరికి వెళ్లిన దారి గుర్తుండటం వేరు, ఊరు అక్కడే ఉండటం వేరు. ఈ భేదాన్ని గ్రహించినవారికి తక్కిన విషయాలన్నీ సులభంగా బోధపడతాయి.

నడిచిన దారిని యంత్రం గుర్తుంచుకోవాలన్న ఆలోచన స్మార్ట్‌ఫోను కంటె, అంతర్జాలం కంటె కూడ పాతది. అమెరికాకు చెందిన ఇంజనీరు వానివార్ బుష్ 1945 జూలైలో ‘ది అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. పుస్తకాలను, లేఖలను, పత్రాలను తనలో దాచుకొని, చదువరి ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లిన బాటలను కూడ నిలిపి ఉంచే ‘మెమెక్స్’ అనే యంత్రాన్ని అందులో ఊహించాడు. ఆ యంత్రం నిర్మాణానికి నోచుకోలేదు గాని, ఆ ఊహ తరువాతి శాస్త్రజ్ఞులకు మార్గదర్శకమైంది. 1989లో ఐరోపాలోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్‌ను ప్రతిపాదించాడు. 1993లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మొజాయిక్ బ్రౌజర్, చూసిన లింకులను చూడనివాటి నుంచి వేరు చేసి వేరొక రంగులో చూపింది. చదివిన పుటను గుర్తుపట్టేందుకు చదువరికి అది చక్కని ఆనవాలైంది.

ఇంతకూ మనిషి చూసిన పుటనే మళ్లీ మళ్లీ చూస్తాడా? కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా టాషర్, సాల్ గ్రీన్‌బర్గ్ 1997లో ప్రకటించిన అధ్యయనం ఈ ప్రశ్నకు సమాధానమిచ్చింది. 23 మంది వెబ్ వాడకాన్ని పరిశీలించగా, వారు తెరిచిన పుటలలో దాదాపు 58 శాతం అంతకుముందు చూసినవేనని తేలింది. అంతర్జాల విహారంలో సగానికి పైగా కొత్త దారులు తొక్కడం కాదు, పాత దారులకు తిరిగి రావడమేనని ఆ అధ్యయనం తెలిపింది. ఆ పరిశీలన స్మార్ట్‌ఫోన్లు రాక పూర్వం నాటిదే అయినా, తిరిగి వెళ్లే అవసరం మాత్రం నేటికీ తగ్గలేదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో విరివిగా వాడుకలో ఉన్న క్రోమ్ బ్రౌజర్‌లో, తెర అంచున నిలువుగా మూడు చుక్కల గుర్తు కనిపిస్తుంది. దానిని తాకితే వచ్చే పట్టికలో ‘హిస్టరీ’ అనే అంశం ఉంటుంది. అందులో పుటలన్నీ తేదీల వారీగా, కొత్తవి పైన, పాతవి కింద అమరి ఉంటాయి. పైభాగంలోని భూతద్దం గుర్తును తాకి, గుర్తున్న మాటను టైపు చేస్తే ఆ మాట ఉన్న నమోదులు మాత్రమే మిగులుతాయి. ఐఫోనులోని సఫారీ బ్రౌజర్‌లో బుక్‌మార్కుల విభాగంలోనే చరిత్ర కూడ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ పట్టికలో ‘హిస్టరీ’ పేరుతోనే లభిస్తుంది. ఇంతకంటె దగ్గరి దారి మరొకటి ఉంది. చిరునామా రాసే గడిలో శీర్షికలోని రెండు మూడు అక్షరాలు టైపు చేయగానే, పూర్వం చూసిన పుటలను బ్రౌజర్ తానే సూచిస్తుంది. పొరపాటున మూసివేసిన పుటల కోసం ‘రీసెంట్ ట్యాబ్స్’ అనే అంశం వేరుగా ఉంది.

అయితే ఏ మాటతో వెదకాలి అనేదే కీలకం. చరిత్రలో వెదికినప్పుడు సాధారణంగా శీర్షికలోని మాటలు, చిరునామాలోని మాటలు మాత్రమే దొరుకుతాయి. పుట లోపలి వాక్యాలు దొరకవు. మేడ్చల్ విద్యార్థిని చరిత్రలో కూడ మొదట ‘ఉపకార వేతనం’ అనే వెదికింది. ఏదీ రాలేదు. ఆమె చదివిన పుట శీర్షిక ఆంగ్లంలో ఉండటమే అందుకు కారణం. తరువాత ఆమె మాటను విడిచి కాలాన్ని పట్టుకొన్నది. ఆదివారం నాటి పట్టికకు వెళ్లింది. ఆ రాత్రి భోజనానంతరం ఒక క్రికెట్ వార్త చదివిన తరువాతనే ఆ పుట తెరిచినట్లు గుర్తు వచ్చింది. క్రికెట్ వార్త కనబడింది. దాని పైనే ఆమె కోరిన పుట ఉంది. మాట గుర్తులేనప్పుడు రోజును, రోజు గుర్తులేనప్పుడు ఆ పుటకు ముందు వెనుకల చూసినవాటిని ఆధారం చేసుకోవాలి. పోయిన తాళంచెవి కోసం ఎక్కడెక్కడ తిరిగామో నెమరువేసుకొనే పద్ధతే ఇది.

తెలుగు పుటలను వెదికేటప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. ప్రపంచ భాషల లిపులకు కంప్యూటరులో ఏకరూపత కల్పించిన యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే తెలుగుకు స్థానం లభించింది. కాని ఒకే పేరును అందరూ ఒకే విధంగా రాయరు. శామీర్‌పేట పేరునే తీసుకోవచ్చు. కొందరు ‘శామీర్‌పేట’ అని, కొందరు ‘షామీర్‌పేట’ అని, మరికొందరు ‘శామీర్ పేట’ అని రెండు ముక్కలుగా రాస్తారు. పైగా పొల్లు హల్లు పక్కనున్న అక్షరంతో కలిసి వత్తుగా మారకుండా కంప్యూటరు రాతలో కంటికి కనిపించని ఒక గుర్తును మధ్యలో ఉంచుతారు. అది లేకపోతే అదే పేరు ‘శామీర్పేట’గా మారుతుంది. చదివేవారికి ఇవన్నీ ఒకే ఊరు. యంత్రానికి వేర్వేరు మాటలు కావచ్చు. కనుక పూర్తి పేరుకు బదులు ‘శామీర్’ అని మొదటి భాగంతో వెదకడం, దొరకకపోతే ‘షామీర్’ అని, ఆంగ్ల అక్షరాలలో మరొకసారి ప్రయత్నించడం ఉత్తమం.

ఎంత వెదికినా కొన్ని పుటలు చరిత్రలో కనిపించవు. అందుకు కారణాలు స్పష్టమైనవే. మొదటిది, రహస్య విహార పద్ధతి. ‘ఇన్‌కాగ్నిటో’ పేరుతో పిలిచే ఈ పద్ధతిలో తెరిచిన పుటలను బ్రౌజర్ నమోదు చేయదు. రెండవది, వేరొక తలుపు. కొన్ని సామాజిక మాధ్యమాల యాప్‌లు తమలో వచ్చిన లింకును తమ లోపలే తెరుస్తాయి. అలా చూసిన పుట క్రోమ్ చరిత్రలోకి రాదు. ఆ లింకు పంపిన సందేశాన్నే వెదకాలి. మూడవది, కాలపరిమితి. క్రోమ్ చరిత్ర పుటలో గడచిన 90 రోజుల నమోదులు మాత్రమే కనిపిస్తాయి. వేసవిలో చూసిన ప్రవేశ ప్రకటన సంక్రాంతి నాటికి అందులో ఉండదు. నాలుగవది, ఎవరైనా చరిత్రను తుడిచివేసి ఉండటం. గూగుల్ ఖాతాతో వెదికినవారికి ‘మై యాక్టివిటీ’ అనే వేరొక పుటలో, ఆ ఖాతాలో నమోదు చేసే ఏర్పాటు ఉంటే, కొంత సమాచారం లభించవచ్చు.

దారి దొరికినా గమ్యం దొరకని సందర్భాలు ఇంతకంటె క్లిష్టమైనవి. మేడ్చల్ విద్యార్థిని ధ్రువపత్రాల పట్టికను చూసి, పత్రాలు సమకూర్చుకొని, దరఖాస్తు పూర్తిచేసింది. చివర దరఖాస్తు సంఖ్యతో కూడిన రసీదు పుట తెరపైకి వచ్చింది. కళాశాలలో ఆ సంఖ్య అడిగినప్పుడు ఆమె ధైర్యంగా చరిత్రలోకి వెళ్లి ఆ నమోదును తాకింది. ‘గడువు ముగిసింది, మళ్లీ ప్రవేశించండి’ అన్న సందేశం వచ్చింది. లాగిన్ అయిన తరువాత కనిపించే పుటలు ఆ వ్యక్తికి, ఆ సమయానికి మాత్రమే ఏర్పడతాయి. వాటి చిరునామా చరిత్రలో ఉన్నా తలుపు తెరుచుకోదు. అందరికీ ఒకే రీతిగా కనిపించే ప్రకటన పుట వీధిలోని నోటీసు పలక వంటిదైతే, రసీదు పుట కౌంటరు వద్ద ఒక్కసారి చేతికిచ్చే చీటీ వంటిది. పలకను ఎన్నిసార్లయినా చూడవచ్చు. చీటీని మాత్రం అప్పుడే భద్రపరచుకోవాలి.

చిరునామాలు మారడం మరొక సమస్య. 2024లో తెలంగాణ రాష్ట్ర సంకేతాక్షరాలు ‘టీఎస్’కు బదులు ‘టీజీ’ అయ్యాయి. ఇంటర్మీడియట్ విద్యామండలి సంక్షిప్త నామం, దానితోపాటు వెబ్ చిరునామా కూడ అందుకు తగినట్లు మారాయి. పొలాల విషయంలో మార్పు ఇంకా పెద్దది. వ్యవసాయ భూముల రికార్డుల కోసం ఏర్పాటైన ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు శామీర్‌పేట సమీపంలోని మూడుచింతలపల్లిలోనే ప్రారంభించారు. ఆ తరువాత కొత్త చట్టం రాగా, 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి ప్రారంభమైంది. ఈ ప్రాంతపు రైతు ధరణి పుటను ఎంత శ్రద్ధగా గుర్తుపెట్టుకొన్నా, నేడు తన సర్వే నంబరు వివరాల కోసం భూభారతికే వెళ్లాలి. పాత దారి కొత్త ఇంటికి చేరుస్తుందన్న భరోసా లేదు. ఇటువంటి వేళ చిరునామా చివర ‘డాట్ జీఓవీ డాట్ ఇన్’ అన్న భాగం ఉన్నదో లేదో చూసుకోవడం అవసరం. అది ప్రభుత్వ వెబ్‌సైట్లకు గుర్తు. ఒకసారి పొరపాటున నకిలీ పుట తెరిచినవారికి బ్రౌజర్ ఆ పుటనే మళ్లీ సూచించగలదు. చరిత్రకు జ్ఞాపకమే గాని వివేకం ఉండదు.

కనుక ముఖ్యమైన పుటను చరిత్రకు వదిలివేయక, చూసినప్పుడే భద్రపరచుకోవాలి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట ఇక్కడ శిరోధార్యం. తరచుగా చూడవలసిన పుటకు బుక్‌మార్కు పెట్టుకోవచ్చు. పాఠ్యపుస్తకంలో నెమలీక ఉంచిన పుట తెరవగానే వచ్చినట్లు, నక్షత్రపు గుర్తును తాకి దాచిన పుట 90 రోజుల పరిమితికి లోబడక నిలిచి ఉంటుంది. రసీదులు, హాల్ టికెట్లు, ఫలితాల వంటివాటిని పీడీఎఫ్ రూపంలో దాచుకోవాలి. క్రోమ్‌లో ‘షేర్’ ద్వారా ‘ప్రింట్’కు వెళ్లి, ముద్రణ యంత్రానికి బదులు పీడీఎఫ్‌ను ఎంచుకొంటే పుట యావత్తూ ఫోనులో నిలుస్తుంది. దరఖాస్తు సంఖ్యను నోటు పుస్తకంలో కూడ రాసుకోవడం పాత పద్ధతే అయినా నేటికీ మేలైనది. అందరికీ అందుబాటులో ఉండి తరువాత కనుమరుగైన పుటల కోసం ‘వేబ్యాక్ మెషీన్’ అనే సదుపాయం ఉంది. బ్రూస్టర్ కాల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీనిని 2001లో ప్రజలకు అందించింది. పాత చిరునామాను అందులో ఉంచితే, ఆ పుటకు ఏనాడైనా ప్రతి తీసి ఉన్న పక్షంలో తేదీల వారీగా చూపిస్తుంది. చరిత్రలో మిగిలిన చిరునామా అప్పుడు అక్కరకు వస్తుంది.

సందర్శన చరిత్రకు మరొక ముఖం కూడ ఉంది. అది మనిషి ఆసక్తులకు, ఆందోళనలకు అద్దం వంటిది. ఒకే ఫోనును ఇంటిల్లిపాదీ వాడే చోట అందులో అందరి అడుగుజాడలూ కలిసి ఉంటాయి. విద్యార్థిని ఆదివారం నాటి పట్టికలో తన పుట కోసం చూస్తున్నప్పుడు, తండ్రి చూసిన భూమి వివరాల పుటలతోపాటు మోకాళ్ల నొప్పికి చికిత్సను గురించిన పుటలు నాలుగైదు ఆమె కంటబడ్డాయి. ఆయన ఆ బాధను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరి చరిత్రను మరొకరు చూడటమంటే దాదాపు వారి మనసులోకి తొంగిచూడటమే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. చట్టాలు ప్రభుత్వాలకు, సంస్థలకు హద్దులు చెబుతాయి. ఇంటి లోపలి హద్దును మర్యాదే చెప్పాలి.

ఇతరుల కంప్యూటరును లేదా నెట్ కేంద్రాన్ని వాడినప్పుడు పని ముగియగానే ఖాతా నుంచి బయటకు వచ్చి, చరిత్రను తుడిచివేయడం మంచి అలవాటు. గంట, రోజు, వారం వంటి వ్యవధిని ఎంచుకొని తుడిచే వీలుంది; ఒక్కొక్క నమోదునూ విడిగా తొలగించవచ్చు. ఒకే ఖాతాను పలు పరికరాలలో అనుసంధానించి ఉంటే, ఒకచోట తొలగించినది తక్కిన చోట్ల కూడ తొలగిపోతుంది. కాని ఫోనులో చరిత్రను తుడిచినంత మాత్రాన సందర్శించిన వెబ్‌సైటు వద్ద, నెట్ సదుపాయం కల్పించిన సంస్థ వద్ద ఉన్న నమోదులు చెరిగిపోవు. రహస్య విహారానికి కూడ ఇదే పరిమితి. ఇంట్లోవారి కంట పడకుండా చేయగలదే తప్ప, లోకం నుంచి దాచలేదు.

మేడ్చల్ విద్యార్థిని తిరిగి లాగిన్ అయి, దరఖాస్తు సంఖ్యను సంపాదించి, రసీదును పీడీఎఫ్‌గా దాచి, సంఖ్యను నోటు పుస్తకం చివరి అట్ట మీద రాసుకొన్నది. ప్రకటన పుటకు, భూభారతి పుటకు బుక్‌మార్కులు పెట్టి ఫోనును తండ్రికి అప్పగించింది. చికిత్స పుటలను గురించి ఆమె ఏమీ ప్రస్తావించలేదు. “నాన్నా, వచ్చే వారం సెలవు ఉంది, దవాఖానకు పోయొద్దామా?” అని మాత్రం అడిగింది. నడిచిన దారిని గుర్తుంచుకోవడం యంత్రానికి సాధ్యమైంది. ఏ దారికి తిరిగి వెళ్లాలో, ఏ దారిని చూసీ చూడనట్లు విడిచిపెట్టాలో నిర్ణయించుకోవలసినవాడు మాత్రం మనిషే.

అర్థాలు

చెంత = దగ్గర
నెలవు = నివాసం, స్థానం
దత్తాంశ నిధి = సమాచారాన్ని క్రమపద్ధతిలో దాచిన భాండారం
ఆనవాలు = గుర్తు
శిరోధార్యం = తలదాల్చదగినది, తప్పక పాటించదగినది
గోప్యత = రహస్యంగా ఉంచుకొనే స్థితి

ప్రశ్నలు

1. సందర్శన చరిత్రలో ఉండేది ‘దారి మాత్రమే గాని పుటలోని విషయం కాదు’ అనడంలోని ఆంతర్యాన్ని సోదాహరణంగా వివరించండి.
2. చూసిన పుట చరిత్రలో కనిపించకపోవడానికి గల కారణాలను తెలపండి.
3. తెలుగు పేర్లతో వెదికేటప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఎట్టిది?
4. ‘చరిత్రకు జ్ఞాపకమే గాని వివేకం ఉండదు’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
5. ఒకే ఫోనును కుటుంబమంతా వాడేటప్పుడు పాటించవలసిన మర్యాదలను సొంత మాటలలో రాయండి.